నెర్రెలు బారే రంగు కోసం

ఇనుప బీరువాలు చేసే షాపుల్లోనూ, కారు సొట్టలు తీసే షెడ్లలోనూ ఇప్పటికీ "డ్యూకో" అన్న మాట వినిపిస్తుంది. "డ్యూకో కొట్టించండి సార్, అద్దంలా ఉంటుంది" అంటారు. మన దగ్గర స్ప్రే గన్‌తో కొట్టే ఏ రంగునైనా అలా పిలవడం అలవాటైపోయింది. నిజానికి అది డ్యూపాంట్ అనే అమెరికన్ కంపెనీ 1923లో అమ్మకానికి తెచ్చిన ఒక రంగు పేరు. పాత గిటార్ల మీద లక్షలు పోసేవాళ్లు వెతికేది ఆ జాతి రంగునే. అదీ కొత్తగా మెరుస్తున్నది కాదు. పసుపెక్కి, మోచెయ్యి ఆనే చోట చెక్క తేలి, ఎండిన చెరువులా నెర్రెలు బారింది కావాలి వాళ్లకు.

కొత్త గిటార్ బాడీకి కావాలని ఆ పాతదనం తెచ్చే పనిని గిటార్ వాళ్లు "రెలిక్" చేయడం అంటారు. ఆ పనికి దిగేవాళ్లందరికీ మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఏ రంగు వేయాలి? నైట్రోసెల్యులోజ్ లక్కర్ అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ అదే ఎందుకో తెలియకపోతే, సరైన డబ్బా కొని తెచ్చుకున్నా పని చెడుతుంది. అది తెలియాలంటే పత్తి దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నగరంలో క్రిస్టియన్ షోన్‌బైన్ అనే రసాయన ఆచార్యుడు ఉండేవాడు. 1845లో ఆయన వంటింట్లో ప్రయోగం చేస్తుండగా ఆమ్లాలు ఒలికాయని, భార్య నూలు ఏప్రన్‌తో తుడిచి పొయ్యి దగ్గర ఆరేస్తే అది భగ్గుమని మాయమైందని కథగా చెప్పుకుంటారు. ఏప్రన్ సంగతి ఎంత నిజమో గానీ, ఆయన కనిపెట్టింది మాత్రం నిజం. పత్తిని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంలో నానబెడితే చూడ్డానికి పత్తిలాగే ఉండి, నిప్పు తగిలితే తుపాకి మందుకన్నా వేగంగా మండే పదార్థం వస్తుంది. దానికి గన్‌కాటన్ అని పేరు పెట్టారు. ఆమ్లాల పాళ్లు మార్చి, పత్తికి పట్టే నైట్రోజన్‌ను కాస్త తగ్గిస్తే అదే పదార్థం కొన్ని ద్రావకాల్లో కరిగిపోతుంది. ఆ ద్రావణాన్ని పలచగా పూస్తే ద్రావకం ఎగిరిపోయి, గాజులాంటి పొర మిగులుతుంది. లక్కర్ అంటే ఆ పొరే.

దాన్ని రంగుగా వాడటానికి చాలాకాలం ఒక ఇబ్బంది అడ్డు నిలిచింది. ద్రావణం జిగురులా చిక్కగా ఉండేది. పలచన చేయాలంటే ద్రావకం ఎక్కువ పోయాలి. అప్పుడు పొరలో మిగిలే పదార్థం అంతంతమాత్రం, ఎన్ని కోట్లు కొట్టినా నిండుదనం రాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక డ్యూపాంట్ చేతిలో నైట్రోసెల్యులోజ్ తయారుచేసే యంత్రాంగం పెద్దఎత్తున మిగిలిపోయింది. యుద్ధం లేదు, మందుగుండుకు గిరాకీ లేదు. 1920 ప్రాంతంలో ఆ కంపెనీ రసాయనికులు ఎక్కువ పదార్థం కరిగించినా నీళ్లలా జారే లక్కర్‌ను పట్టుకున్నారు. జనరల్ మోటార్స్‌లో డ్యూపాంట్‌కు పెద్ద వాటా ఉండేది. దాంతో ఆ రంగు నేరుగా కార్ల ఫ్యాక్టరీలోకి నడిచి వెళ్లింది. అంతకుముందు కారుకు నూనె వార్నిష్ కోటు మీద కోటు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. రంగు ఆరేదాకా కార్లు గోదాముల్లో వరసలు కట్టి పడుండేవి. డ్యూకో వచ్చాక ఆ పని గంటల్లోకి దిగింది. 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లు నీలిరంగు డ్యూకోలో వచ్చేసరికి మిగతా తయారీదారులు కూడా అటే తిరిగారు.

గిటార్ల వాళ్లు కూడా ఆ తొందర కోసమే దీన్ని పట్టుకున్నారు. గిబ్సన్ 1920ల మధ్యలోనే వార్నిష్ వదిలి లక్కర్‌కు మారింది. దీనివల్ల శబ్దం బాగుంటుందనో, ముసలితనంలో అందంగా ఉంటుందనో అప్పుడు ఎవరూ అనుకోలేదు. త్వరగా ఆరాలి, త్వరగా పెట్టెలో పెట్టి పంపేయాలి, అంతే. 1950లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ పలక లాంటి గట్టి చెక్క బాడీతో ఎలక్ట్రిక్ గిటార్ అమ్మడం మొదలుపెట్టినప్పుడు కూడా లెక్క అదే. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఐదు శాతం అదనంగా చెల్లిస్తే మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా ఉండే మామూలు సన్‌బర్స్ట్ బదులు కోరుకున్న రంగు వేసి ఇచ్చేవారు. ఆ రంగులు కార్ల రంగులే. ఫియెస్టా రెడ్ ఫోర్డ్ థండర్‌బర్డ్ మీదిది, సర్ఫ్ గ్రీన్ షెవర్లే మీదిది, సోనిక్ బ్లూ కాడిలాక్ మీదిది. అన్నీ డ్యూపాంట్ డబ్బాలే. కొన్ని పాత నైట్రో డ్యూకో, కొన్ని తర్వాత వచ్చిన అక్రిలిక్ లక్కర్ లూసైట్.

ఇక్కడ కాసేపు ఆగి ఆ రంగు ముసలిదయ్యే తీరు చూడాలి. అసలు విషయమంతా అందులోనే ఉంది.

లక్కర్ ఆరడం అంటే ద్రావకం ఎగిరిపోవడం, అంతకుమించి ఏమీ లేదు. అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడవు. అందుకే ఏళ్ల తర్వాత థిన్నర్ చుక్క పడినా అది మళ్లీ కరుగుతుంది. కొత్త కోటు పాత కోటును కొంచెం కరిగించి దానిలో కలిసిపోతుంది. పొర విరిగిపోకుండా ఉండటానికి అందులో మెత్తదనం ఇచ్చే పదార్థాలు కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అవి మెల్లగా బయటికి పోతాయి. పొర పెళుసుబారుతుంది, కుంచించుకుపోతుంది. కింద ఉన్న చెక్క మాత్రం చలికీ ఎండకీ, తేమకీ పొడికీ ఉబ్బుతూ తగ్గుతూనే ఉంటుంది. మంచు పడే రాత్రి కారు డిక్కీలో గడ్డకట్టిన గిటార్‌ను వెచ్చని హాల్లోకి తెచ్చి పెట్టె తెరిస్తే, పెళుసుబారిన పొర ఒక్కసారిగా చిటపటమని పగులుతుంది. ఆ పగుళ్లు ఎక్కువగా చెక్క పోగులకు అడ్డంగా, సన్నని గీతలుగా వస్తాయి. వేలితో తడిమితే తెలియవు, వెలుతురుకు వాలుగా పట్టుకుంటే కనిపిస్తాయి.

అరుగుదల సంగతి వేరు. కుడి ముంజేయి ఆనే పై అంచు దగ్గర నుంచి చూడండి. మొదట పైన ఉన్న పారదర్శకపు కోటు మెరుపు పోయి మసకబారుతుంది. తర్వాత రంగు పలచబడి కింది తెల్ల ప్రైమర్ మసగ్గా తేలుతుంది. ఇంకా లోపలికి వస్తే చెక్కను మూసిన సీలర్ తేనెరంగులో కనబడుతుంది. అన్నిటికన్నా మధ్యలో ఒట్టి చెక్క, చెమటకూ మురికికీ బూడిదరంగుకు తిరిగి, చేతి రాపిడికి నున్నబడి ఉంటుంది. ఒక పొర ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో చెప్పలేం. ఈ పొరలన్నీ కలిపినా ఒకటి రెండు తలవెంట్రుకల మందమే. అంత పలచన కాబట్టే ఆ జారుడు అంత మెత్తగా ఉంటుంది.

ఎండ చేసే పని మరొకటి ఉంది. నైట్రో పసుపెక్కుతుంది. ఒలింపిక్ వైట్ వేసిన గిటార్ నలభై ఏళ్లకు మీగడ రంగుకు వస్తుంది. లేక్ ప్లాసిడ్ బ్లూ మీద పసుపు పొర పడితే ఆకుపచ్చ ఛాయ తిరుగుతుంది. 1958 నుంచి 1960 దాకా గిబ్సన్ చేసిన లెస్ పాల్ స్టాండర్డ్ సన్‌బర్స్ట్‌లలో ఎర్రరంగు వెలుతురుకు నిలవక వెలిసిపోయింది. చెర్రీ అంచులున్న గిటార్లు కొన్ని తేనెరంగుకు, కొన్ని నిమ్మపండు పసుపుకు మారాయి. తయారీలో అది లోపమే. ఈనాడు వాటి ధర లోపాన్ని బట్టే పలుకుతుంది.

1965 మొదట్లో ఫెండర్‌ను అమెరికన్ ప్రసార సంస్థ సీబీఎస్ 130 లక్షల డాలర్లకు కొంది. 1968 నాటికి అక్కడ లక్కర్ పోయి పాలియెస్టర్ వచ్చింది. పాలియెస్టర్ ఆరదు, గట్టిపడుతుంది. రసాయన చర్యతో అణువులు ముడిపడి ఒకే దిమ్మగా మారతాయి. తక్కువ కోట్లతో అద్దంలాంటి నునుపు వస్తుంది, థిన్నర్‌కు చలించదు, చెమటకు అరగదు. ఫ్యాక్టరీ దృష్టితో చూస్తే అంతకన్నా మంచి రంగు లేదు. కానీ యాభై ఏళ్లు వాయించినా అది వయసును ఒప్పుకోదు. దెబ్బ తగిలితే పెంకులా లేచిపోతుంది, ఆ అంచు గోటికి మెట్టులా తగులుతుంది. పాత గిటార్ల మీద మోజు పెరిగింది ఇలాంటివి మార్కెట్ నిండిపోయాకే.

ఆ మోజుకు ముఖం ఎవరిదంటే నా వరకు గిటారిస్టు రోరీ గాలహర్‌ది. ఐర్లాండ్‌లోని కార్క్ పట్టణంలో 1963లో, పదిహేనేళ్ల వయసులో, 1961 నాటి సన్‌బర్స్ట్ స్ట్రాటోకాస్టర్‌ను వంద పౌండ్లకు వాయిదాల మీద కొన్నాడు. ఒకసారి అది దొంగల పాలై, వానలో తడిసి కాలవ గట్టున దొరికింది. ఏళ్ల తరబడి రాత్రి తర్వాత రాత్రి చెమటలో మునిగింది. చివరికి ముందువైపు సన్‌బర్స్ట్ అన్నది ముక్కలుగా మాత్రమే మిగిలింది. ఆయన దానికి మళ్లీ రంగు వేయించలేదు. 1995లో ఆయన పోయాడు. 2024లో లండన్‌లో ఆ గిటార్ వేలానికి వస్తే 7 లక్షల పౌండ్లు దాటి పలికింది. కొన్నవాళ్లు దాన్ని ఐర్లాండ్ జాతీయ మ్యూజియానికి ఇచ్చారు. రంగు లేని ఆ చెక్కను చూస్తే ముప్పై ఏళ్ల పాటు ఏ చెయ్యి ఎక్కడ ఆనిందో తెలుస్తుంది.

రోరీ పోయిన ఏడాదే కొత్త గిటార్లను పాతబరిచి అమ్మడం బహిరంగ వ్యాపారంగా మొదలైంది. రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ కోసం ఫెండర్ కస్టమ్ షాప్ పాత నమూనాలో గిటార్లు చేసిచ్చిందని, అవి మరీ కొత్తగా ఉన్నాయి, కొంచెం కొట్టి ఇవ్వండి అని ఆయన అన్నాడని ఆ షాపు వాళ్లు చెప్పుకునే మాట. అక్కడ మాస్టర్ బిల్డర్‌గా ఉన్న జే డబ్ల్యూ బ్లాక్‌కు మిస్సోరీలో విన్స్ క్యునెట్టో అనే చేయి తిరిగిన పనివాడు తెలుసు. క్యునెట్టో ఫెండర్ పాత టెలికాస్టర్ గిటార్ల రంగును, అరుగుదలను అచ్చుగుద్దినట్టు దించడం సొంతంగా సాధన చేస్తూ ఉండేవాడు. 1995 జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన సంగీత వాయిద్యాల వ్యాపార ప్రదర్శనలో టెలికాస్టర్ తొలి రూపమైన నోకాస్టర్ ఒకటి, స్ట్రాటోకాస్టర్ ఒకటి గాజు పెట్టెలో పెట్టారు. చూసినవాళ్లు ఫెండర్ తన పాత గిటార్లను తెచ్చి చూపిస్తోందని అనుకున్నారు. కొత్తవని తెలిశాక ఆర్డర్లు వచ్చిపడ్డాయి. 1995 నుంచి 1999 దాకా బాడీలు, నెక్‌లు మిస్సోరీకి వెళ్లి, క్యునెట్టో షాపులో రంగు వేయించుకుని ముసలివై తిరిగొచ్చేవి. ఆ తర్వాత ఫెండర్ ఆ పనిని తన కింద పెట్టుకుంది. గిబ్సన్‌లో టామ్ మర్ఫీ బ్లేడుతో లక్కర్ మీద ఒక్కో నెర్రెను గీసే పద్ధతికి పేరు తెచ్చాడు. 2021లో ఆ కంపెనీ ఆయన పేరుతోనే మర్ఫీ ల్యాబ్ పెట్టింది.

వీళ్లెవరూ గట్టి రంగు మీద పని మొదలుపెట్టలేదు. రంగు ఎంపికలో నేను గట్టిగా చెప్పదలచింది ఇదే. పాతదనం కావాలంటే ఎలా మెరుస్తుందో చూసి డబ్బా కొనకండి, ఎలా చెడుతుందో చూసి కొనండి.

మన దగ్గర ఫర్నిచర్ పాలిష్ సామాన్లు అమ్మే షాపుల్లో ఎన్.సి. లక్కర్, ఎన్.సి. సీలర్ దొరుకుతాయి. అవి నైట్రోవే. కానీ ఫర్నిచర్ కోసం చేసిన లక్కర్‌లో మెత్తదనం ఎక్కువ కలుపుతారు, టేబుల్ మీది పొర పగలకూడదు కదా. అలాంటిది నెర్రెలు బారడానికి మొరాయిస్తుంది. పెళుసు లక్కర్ అని గిటార్ల కోసం ప్రత్యేకంగా అమ్మేది దొరికితే అదే మేలు. పి.యు. (పాలీయురెథేన్), మెలమైన్ పాలిష్‌లు ఈ పనికి వద్దు. పి.యు. సీలర్ దట్టంగా కొట్టి దాని మీద నైట్రో వేయడం చాలామంది చేసే పొరపాటు. చెక్క కదలిక ఆ ప్లాస్టిక్ పొర దాటి పైకి రాదు, ఇసుక కాగితం పట్టినప్పుడు చెక్క బదులు ప్లాస్టిక్ తేలుతుంది. సీలర్ కూడా నైట్రోదే, పలచగా ఉండాలి. టేకు లాంటి నూనె చెక్క అయితే ముందు మైనం తీసిన షెల్లాక్ ఒక పూత వేస్తే పై రంగు పట్టు తప్పదు.

షెల్లాక్ అంటే మన లక్కే. లక్కర్ అన్న మాటే లక్క నుంచి, అంటే లాక్ష నుంచి వచ్చింది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి అది కరిగి బొమ్మకు పట్టుకుంటుంది. గిటార్‌కు దీన్ని స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో రుద్దుతారు. మంచి క్లాసికల్ గిటార్ల మీద ఇప్పటికీ ఆ పాలిషే. షెల్లాక్ అందంగా అరుగుతుంది, కానీ వేడికీ స్పిరిట్‌కూ తట్టుకోదు. రాక్ సంగీతపు అరుగుదల రూపం దానికి రాదు. పాల పెయింట్, చాక్ పెయింట్ పాత కుర్చీలకు బాగుంటాయి. గిటార్ మీద అవి సుద్దలా పొడిగా రాలి, పల్లెటూరి పెట్టెలా కనిపిస్తాయి. అదే కావాలనుకునేవాళ్లకు అభ్యంతరం లేదు. 1960ల గిటార్‌లా ఉండాలంటే మాత్రం కుదరదు. అక్రిలిక్ లక్కర్ మధ్యేమార్గం. లూసైట్ అదే కాబట్టి చరిత్రకు కూడా ఒప్పుతుంది, పసుపెక్కదు. దాని మీద లేత పసుపు కలిపిన నైట్రో క్లియర్ కొడితే వయసు వస్తుంది.

మన కోస్తాలో నైట్రో కొట్టేవాళ్లకు వాన రోజు పెద్ద శత్రువు. ద్రావకం త్వరగా ఎగిరిపోతుంటే పొర చల్లబడి గాలిలోని తేమ దాని మీద కూర్చుంటుంది. రంగు పాలు విరిగినట్టు తెల్లబారుతుంది. అలాంటప్పుడు నెమ్మదిగా ఎగిరే రిటార్డర్ థిన్నర్ కలపాలి, లేదా పొడి రోజు కోసం ఆగాలి. కోటు కొట్టాక కూడా తొందర పనికిరాదు. పైకి గంటలో ఆరినట్టున్నా లోపలి ద్రావకం పోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆలోపు గీస్తే గీత అంచులు పగలవు, జిగురులా సాగుతాయి.

నెర్రెల కోసం బాడీని చలికి గురిచేసి, వెంటనే వెచ్చబెడతారు. కీబోర్డు దుమ్ము ఊదే స్ప్రే డబ్బాను తలకిందులు చేసి కొడితే మంచులాంటి ద్రవం పడి పొర పగులుతుంది. ఆ పగుళ్లలో కొంచెం ముదురు రంగు మైనం రుద్ది తుడిచేస్తే మురికి గీతల్లోనే మిగులుతుంది. అరుగుదలకు ఇసుక కాగితం ఒక్కటే చాలదు. దాంతో అన్ని అంచులూ ఒకే తీరుగా అరుగుతాయి, దొంగతనం బయటపడుతుంది. గిటార్‌ను మెడలో వేసుకుని అద్దం ముందు నిలబడాలి. ముంజేయి ఎక్కడ ఆనుతోంది, బెల్టు బకిల్ వీపున ఎక్కడ గీస్తోంది, ఆంప్‌కు ఆనించి పెట్టేటప్పుడు ఏ అంచు నేలకు తగులుతోంది అని చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోవాలి. గుర్తులు లేని చోట చెయ్యి పెట్టకూడదు. రెండు కొమ్ముల మధ్య లోపలి వంపులో రంగు అరిగిన గిటార్ చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. అక్కడ ఏ చెయ్యీ రుద్దుకోదు.

ఇంకో సంగతి. పని పూర్తయ్యాక రబ్బరు ప్యాడ్లున్న స్టాండ్ మీద పెట్టకండి. రబ్బరులో ఉండే పదార్థాలు నైట్రోను మెత్తబరిచి మచ్చలు వేస్తాయి. ఆ పాతదనం ఎవరికీ అక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు అదే చెక్క ముక్క ఒకటి తీసుకుని, అదే సీలర్, అదే రంగు, అదే క్లియర్ కొట్టి నెలరోజులు పక్కన పెట్టండి. ఆ ముక్క పగిలితేనే గిటార్ మీదికి వెళ్లండి. మాస్క్ లేకుండా, గాలి ఆడని గదిలో, దీపం గానీ సిగరెట్టు గానీ దగ్గర ఉండగా ఆ డబ్బా మూత తీయకండి. అందులో ఉన్నది షోన్‌బైన్ వంటింట్లో మండిన దానికి తోబుట్టువే. ఇక మీ ఇంట్లో పెద్దవాళ్లు వాయించిన నిజమైన పాత గిటార్ ఉంటే దాన్ని ఉన్నదున్నట్టు వదిలేయండి. పాత ఫెండర్‌కు మళ్లీ రంగు వేయిస్తే దాని ధర దాదాపు సగానికి పడిపోతుంది.